పాత చీరలతో కుట్టించిన బొంత: మా ఇంటి అనుభవం

కార్తీకం సగం గడిచేసరికి ఆదిలాబాద్‌లో తెల్లవారుజాము చలి గట్టిగానే ఉంటుంది. మా ఐదేళ్ల అమ్మాయి, రెండున్నరేళ్ల బాబు రాత్రంతా దుప్పట్లు తన్నేసి, నాలుగింటికల్లా ముడుచుకుపోవడం చూడలేక, ఇళ్లకు వచ్చి బొంతలు కుట్టే ఒకామెకు మా అత్తగారి నూలు చీరలు ఐదు ఇచ్చాము. పైకీ కిందికీ రెండు, లోపలి పొరలకు మూడు సరిపోయాయి. ఆమె మా వరండాలోనే కూర్చుని మూడు రోజుల్లో పూర్తి చేసింది. కూలి 700 రూపాయలు.

అంతకుముందు వాడిన పాలిస్టర్ బ్లాంకెట్ కింద పిల్లల మెడ వెనుక చెమట పట్టేది. నూలు ఆ తడిని పీల్చుకుంటుంది, పొరల మధ్య చిక్కిన గాలి వెచ్చదనాన్ని నిలుపుతుంది, పైగా కాస్త బరువుగా ఉండటం వల్ల బాబు ఎంత తన్నినా బొంత జారిపోవడం లేదు. అమ్మాయి అయితే మామిడి పిందెల అంచు నానమ్మదని గుర్తుపట్టి, ఆ కుట్ల వరుస మీద వేలు నడుపుతూనే నిద్రపోతోంది. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

మొదటి ఉతుకులో ఒక మూల కుట్లు వదులయ్యాయి; కబురు పెడితే వచ్చి ఉచితంగా సరిచేసింది. ఆరడానికి మాత్రం రెండు రోజుల ఎండ కావాలి కాబట్టి, పక్క తడిపే పిల్లలుంటే రెండు చిన్న బొంతలు కుట్టించుకోవడం మేలు. ఏడాది నిండని పసిబిడ్డలకు వదులు దుప్పట్లు వద్దని పిల్లల వైద్యులు చెబుతారు, బొంతకూ అది వర్తిస్తుంది.