మెదెస్ దీవులా, గోజో తీరమా: మధ్యధరాలో డైవింగ్‌కు ఏది మేలు?

మధ్యధరా సముద్రంలో స్కూబా డైవింగ్ అనగానే చాలామంది ముందు అడిగేది నీళ్లు ఎంత క్లియర్‌గా ఉంటాయని. మన విశాఖ తీరంలో మసక నీళ్లలో డైవింగ్ మొదలుపెట్టినవాళ్లకు ఆ ఆశ సహజమే. కానీ చోటు ఎంచుకోవడానికి అదొక్కటే చాలదు. స్పెయిన్‌లోని మెదెస్ దీవుల్నీ మాల్టా దేశపు గోజో దీవినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎందుకో తెలుస్తుంది. రెండూ సున్నపురాయి తీరాలే. రెంటిలోనూ గుహలు, సొరంగాలు, నిట్టనిలువు రాతిగోడలు ఉంటాయి. అసలు తేడా నది దగ్గర వస్తుంది.

మాల్టాలో ఏడాదంతా పారే నదులు లేవు. అందుకే సముద్రంలోకి మట్టి చేరదు, దాంతోపాటు వచ్చే పోషకాలూ తక్కువే. గోజోలో వాతావరణం బాగున్న రోజున 30 మీటర్ల దూరం వరకు స్పష్టంగా కనిపించడం మామూలు. అక్కడి అందమంతా రాతిలోనూ వెలుతురులోనూ ఉంటుంది. పడమటి తీరంలో ద్వెయ్‌రా దగ్గర బ్లూ హోల్ ఉంది. దాదాపు 10 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల లోతు ఉన్న ఆ రాతిబావిలోకి దిగి, కాస్త కిందికి వెళ్లగానే ఒక పెద్ద తోరణంలాంటి దారి తెరుచుకుంటుంది. దాన్ని దాటితే ఒక్కసారిగా విశాలమైన నీలి సముద్రం. బయట పక్కనే ఉండే అజ్యూర్ విండో అనే రాతి తోరణం 2017 మార్చి 8న తుఫాను అలలకు కూలిపోయింది. ఆ బండలు ఇప్పుడు నీళ్లలో ఉన్నాయి, వాటి మధ్య కూడా డైవ్ చేస్తున్నారు.

దగ్గర్లోనే ఇన్‌లాండ్ సీ అనే, కొండ వెనక సముద్రపు నీళ్లు నిండిన చిన్న మడుగు ఉంది. కొండను చీల్చుకుంటూ 80 మీటర్ల పొడవున సాగే సొరంగం గుండా అక్కడి నుంచి సముద్రంలోకి వెళ్లొచ్చు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. పర్యాటకుల పడవలు కూడా అదే సొరంగంలో పైన తిరుగుతుంటాయి కాబట్టి మధ్యలో పైకి తేలకూడదు. బ్యుయాన్సీ, అంటే నీళ్లలో పైకి తేలకుండా, కిందికి జారకుండా ఒకే లోతులో నిలవడం, ఇంకా చేతికి రానివాళ్లు దీన్ని తర్వాతకు వాయిదా వేసుకోవడం మంచిది. ఇంకో కష్టం కాళ్లకు. బ్లూ హోల్‌కు ఒడ్డు నుంచే దిగాలి. సిలిండర్ వీపున వేసుకుని, నీళ్లలో మునగడానికి కట్టుకునే బరువుల బెల్ట్ పెట్టుకుని, ఎగుడుదిగుడు రాళ్ల మీద నడవాలి. మోకాళ్ల నొప్పులుంటే ఆలోచించుకోవాల్సిందే.

మెదెస్ దగ్గర కథ వేరు. కాటలోనియాలోని లెస్తార్తిత్ ఊరి నుంచి పడవలో కొద్ది నిమిషాలు వెళ్తే చాలు, డైవ్ పాయింట్ వచ్చేస్తుంది. ఊరికి దక్షిణాన తేర్ నది సముద్రంలో కలుస్తుంది. ఆ నది తెచ్చే పోషకాల వల్ల ఒక్కోరోజు నీళ్లు పచ్చగా మసకబారుతాయి, 10 మీటర్ల అవతల ఏమీ కనిపించకపోవచ్చు. అయితే ఆ పోషకాలే ఇక్కడి జీవాన్ని పోషిస్తాయి. దానికి తోడు 1983 నుంచి దీవుల చుట్టూ చేపల వేటను నిషేధించారు. ఫలితం నీళ్లలోకి దిగిన కాసేపటికే తెలుస్తుంది. గోధుమరంగు ఒంటి మీద లేతమచ్చలున్న భారీ గ్రూపర్ చేప బండ చాటు నుంచి బయటికొచ్చి, పారిపోకుండా నిలబడి, కన్ను తిప్పి మనల్ని పరిశీలిస్తుంది. ఈ జాతి చేపలు ఆడవిగా పుట్టి, పెద్దయ్యాక మగవిగా మారతాయి. అంటే ఒక పెద్ద మగచేప కనిపించిందంటే, వల నుంచీ ఈటె నుంచీ ఎన్నో ఏళ్లు తప్పించుకుని బతికిందని అర్థం. వేట ఆపకపోతే ఇవి మిగిలేవే కావు.

ఇక్కడి రెండు ముఖ్య దీవుల్లో చిన్నదైన మెదా పెతీతాను సొరంగాలు తొలిచేశాయి. వాటి పైకప్పుల మీద టార్చ్ వేసి చూస్తే ఎర్ర పగడం కనిపిస్తుంది. మన ఆడవాళ్లు మంగళసూత్రంలో గుచ్చుకునే పగడం ఈ మధ్యధరా జాతిదే. రోమన్ల కాలం నుంచే ఇది భారతదేశానికి ఎగుమతయ్యేది. దాన్ని ప్రాణంతో, తెల్లటి నక్షత్రాల్లాంటి పాలిప్‌లు (పగడాన్ని కట్టే బుల్లి జీవులు) విచ్చుకుని ఉండగా చూడాలంటే ఇక్కడికే వెళ్లమంటాను. ముట్టుకోకూడదు. కాళ్లకు తొడుక్కునే ఫిన్స్ తగలకుండా చూసుకోవాలి.

నా ఓటు మెదెస్‌కే. నీళ్లు కొంచెం మసకగా ఉన్నా, కళ్లెదుట బతుకుతున్న సముద్రాన్ని చూడటం నాకు ముఖ్యం. ఫొటోల కోసం, రాతి నిర్మాణాల కోసం వెళ్లేవాళ్లకూ, చన్నీళ్లు పడనివాళ్లకూ గోజోనే మేలు. వేసవి చివర్లో అక్కడ నీళ్లు 26 డిగ్రీల దాకా వెచ్చబడతాయి. మెదెస్‌లో వేసవిలో కూడా కాస్త లోతుకు దిగేసరికి చల్లదనం ఒక్కసారిగా కొడుతుంది, 7 మిల్లీమీటర్ల మందమున్న వెట్‌సూట్ (చలిని ఆపే డైవింగ్ దుస్తులు) అడిగి తీసుకోండి. కుటుంబంలో డైవింగ్ చేయనివాళ్లు ఉంటే గోజోకే మొగ్గు. 5,000 ఏళ్ల కిందటి గంతీయా రాతి ఆలయాలు అక్కడే ఉన్నాయి.

మెదెస్‌లో రోజుకు ఇంతమంది డైవర్లనే పరిమితి ఉంది, కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. ఉత్తరం నుంచి త్రముంతానా గాలి విరుచుకుపడితే పడవలు ఆగిపోవచ్చు. అందుకని ఒకరోజు అదనంగా పెట్టుకోండి. రెండు చోట్లా వరసగా డైవ్‌లు చేసినవాళ్లు విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలి, తిరుగు టికెట్ ఆ లెక్కన చూసుకోండి.