విడి యూనిట్ మేలా, వీధులు కలిసిన పేట మేలా?

నగరానికి కొత్త నివాస ప్రాంతాన్ని చేర్చేటప్పుడు దాన్ని పెద్ద రోడ్ల నడుమ విడి యూనిట్‌గా కట్టడం మంచిదా, చుట్టుపక్కల వీధులతో కలిసిపోయే పేటగా కట్టడం మంచిదా అని పాఠకులు తరచుగా అడుగుతున్నారు. ట్రాఫిక్ గురించి, భూమి వినియోగం గురించి ఇప్పటికే చాలా చర్చ జరిగింది కనుక, ఆపద వచ్చినప్పుడు ఏది తట్టుకుంటుందన్న కోణానికే పరిమితమవుతాను.

విడి యూనిట్ పద్ధతికి ప్రసిద్ధ నమూనా న్యూయార్క్ ప్రాంతీయ ప్రణాళికలో భాగంగా 1929లో వెలువడిన అమెరికన్ ప్రణాళికకర్త క్లారెన్స్ పెర్రీ ప్రతిపాదన. సుమారు 160 ఎకరాలు, నడుమ ప్రాథమిక పాఠశాల, పదోవంతు స్థలం పార్కులకూ ఆటలకూ, వాహనాల రద్దీ అంతా సరిహద్దు రోడ్ల మీదే. పిల్లలు పెద్ద రోడ్డు దాటకుండా బడికి నడిచి వెళ్ళగలగడం చిన్న విషయమేమీ కాదు. దాన్ని తేలిగ్గా తీసిపారేసేవారికి బహుశా బడికి వెళ్ళే వయసు పిల్లలుండరు. వరద వచ్చినా, భూమి కంపించినా ఆ బడీ, ఆ ఖాళీ స్థలమే తలదాచుకునే చోటవుతాయి.

అయితే పెర్రీ దుకాణాలను యూనిట్ అంచుల్లో, కూడళ్ళ దగ్గర పెట్టమన్నాడు. నా దృష్టిలో అసలు తేడా అక్కడే వస్తుంది. దుకాణం అంచుకు పోతే పగటిపూట లోపలి వీధిలో నడిచే మనిషికి పని ఉండదు, ఎవరు కనిపించడం లేదో గమనించే కళ్ళూ ఉండవు.

1995 జులైలో షికాగోను పట్టిన వడగాడ్పుకు 700 మందికి పైగా చనిపోయారు. ఆ నగరంలో పక్కపక్కనే ఉన్న నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్ పేటలు రెండింటిలోనూ పేదరికం, ఒంటరి వృద్ధులు ఉన్నా, జనాభాతో పోల్చి చూస్తే నార్త్‌లో మరణాలు దాదాపు పది రెట్లు. అక్కడ ఫ్యాక్టరీలు, దుకాణాలు మూతపడి, జనం వెళ్ళిపోయి, ఖాళీ జాగాలు మిగిలాయి. సౌత్‌లో వీధులు కొనేవారితో, అమ్మేవారితో కళకళలాడుతుండేవి. నార్త్ లాన్‌డేల్ పెర్రీ నమూనాలో కట్టినది కాదన్న మాట నిజమే కానీ, దుకాణం లేని వీధి ఏమవుతుందో అది చూపింది. మూడో అంతస్తులో కిటికీలు బిగించుకుని కూర్చున్న ముసలామెకు కిందికి దిగి వెళ్ళడానికి ఒక చల్లని చోటు, ఆమె రెండు రోజులుగా రాలేదేమని అడిగే దుకాణదారుడు ఉండాలి.

అదే ఏడాది జనవరిలో జపాన్‌లోని కోబె నగరంలో వచ్చిన భూకంపంలో శిథిలాల నుంచి ఎక్కువమందిని బయటకు తీసింది కుటుంబసభ్యులూ ఇరుగుపొరుగువారే. ఇళ్ళూ చిన్న ఫ్యాక్టరీలూ కలగలిసిన మానో ప్రాంతంలో జనం బకెట్లు చేతులు మార్చుకుంటూ మంటలార్పారు; పక్కనే ఉన్న ఫ్యాక్టరీ సిబ్బందీ తోడయ్యారు. 1960ల నుంచి కాలుష్యం మీద కలిసి పోరాడిన అలవాటు అక్కడివారికి ఉంది. అయితే ఇరుకు సందులు, చెక్క ఇళ్ళు ఉన్న పాత పేటల్లో నిప్పు వేగంగా పాకుతుందని కూడా ఆ భూకంపమే చూపింది కనుక, కలిసిన వీధులంటే ఇరుకు వీధులని అర్థం చేసుకోకూడదు.

గేటెడ్ కమ్యూనిటీల గురించి చెప్పడానికి పెద్దగా లేదు: కాపలా దొరుకుతుంది, గోడ అవతలి సాయం ఆలస్యమవుతుంది. బార్సిలోనా సూపర్‌బ్లాక్‌లు మాత్రం మధ్యేమార్గం. మూడు వరుసల్లో తొమ్మిది బ్లాకులను కలిపి, అడ్డంగా దూసుకుపోయే వాహనాలను ఆపుతారు, నడిచేవారినీ దుకాణాలనూ ఆపరు.

నేను కలిసిన వీధుల వైపే మొగ్గుతాను. ఇప్పటికే విడి యూనిట్‌గా కట్టేసిన చోట కూడా బడి పక్కన రెండు దుకాణాలకు అనుమతి ఇవ్వవచ్చు, సరిహద్దు గోడలో నడకదారులు తెరవవచ్చు. ఆ దారిలో ఇద్దరు మనుషులు స్ట్రెచర్ మోసుకుని పోగలిగేంత వెడల్పుండాలి. రాత్రి తాళం వేసే గేటు పెడితే ఆ దారి ఉన్నా లేనట్టే.