స్కైరిమ్‌లో కత్తి పట్టకుండా: కమ్మరా, మందుల తయారీదారా?

2011లో వచ్చిన స్కైరిమ్ అనే వీడియో గేమ్‌ని మళ్లీ ఆడుతూ ఈసారి ఎవరినీ చంపకూడదనుకుంటే, బతుకుతెరువుకు ప్రధానంగా రెండు దారులు: కొలిమి, మూలికలు.

కొలిమి పని చూడ్డానికి బాగుంటుంది గానీ ఖర్చెక్కువ. ఇనుప బాకుకి ఒక ఇనుప కడ్డీ, ఒక తోలు పట్టీ చాలు. ఆ తోలు కోసం వేటాడాలి, లేదా కొనాలి. పైగా నైపుణ్యం ఇప్పుడు వస్తువు విలువను బట్టి పెరుగుతుంది కాబట్టి బాకులు కుప్పలుగా చేసినా పెద్ద లాభం లేదు. బంగారు నగలు నయం, వాటికి తోలు అక్కర్లేదు.

మందుల తయారీ అలా కాదు. ఆటలోని వైట్‌రన్ నగరం బయట పొలాల్లో గోధుమ, దారి పొడవునా నీలి కొండపూలు. రెండూ కలిపితే ఆరోగ్యం నింపే మందు, పెట్టుబడి సున్నా. ప్రతి దినుసుకీ నాలుగు గుణాలుంటాయి. నోట్లో వేసుకుంటే మొదటిది తెలుస్తుంది, మిగతావి కలిపి చూసి కనుక్కోవాలి. ఆ వెతుకులాటే అసలు ఆట. రాక్షసుడి కాలివేలు దుకాణంలో దొరికితే వదలకండి, గోధుమతో కలిపితే మంచి ధర పలుకుతుంది. (ఆ వేలు ఎలా వచ్చిందో అడక్కండి!)

ఒక చిక్కు రెండింటికీ ఉంది: పనితనంతో లెవెల్ పెరిగితే, దారిలో ఎదురయ్యే దొంగలూ బలపడతారు. అక్కడ కమ్మరికి కనీసం మంచి కవచం ఉంటుంది. అదృశ్యమయ్యే మందు తాగి జారుకోవడమే నాకిష్టం, నా ఓటు మూలికలకే.