ఎగ్జిమాకి హ్యూమిడిఫయర్: కొన్నేళ్లు వాడాక

ముందే చెప్పేస్తాను, గదిలో గాలికి తేమ పెంచే ఈ మెషిన్ నాకైతే పనికొచ్చింది. కాకపోతే గదిలో తేమ కొలిచే చిన్న మీటర్ కూడా కొనే ఉద్దేశం లేకపోతే దీని జోలికి వెళ్లకండి.

ఎగ్జిమా అంటే చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు. అది ఉన్న చర్మం తనలోని నీటిని సరిగా పట్టి ఉంచలేదు. దానికి తోడు రాత్రంతా హీటరో ఏసీనో నడిస్తే గాలి ఇంకా పొడిబారిపోతుంది. మీటర్ 30 శాతం చూపించిన రాత్రులు నాకు తెల్లారేసరికి మోచేతి మడతలు బిగుసుకుపోయేవి. చెయ్యి చాపితే సన్నగా పగుళ్లు, దుప్పటి మీద పొట్టు. తేమ 40 నుంచి 50 మధ్యలో ఉంచడం మొదలుపెట్టాక పగుళ్లు బాగా తగ్గాయి. దురద పూర్తిగా పోలేదు గానీ, గోక్కుంటూ నిద్ర లేవడం తగ్గింది. అదే పదివేలు.

మరి మీటర్ ఎందుకంటారా? తేమ ఎక్కువైనా తంటానే. 50 దాటి అలాగే ఉండిపోతే పరుపుల్లో, దిండ్లలో డస్ట్ మైట్స్ పెరుగుతాయి. కంటికి కనపడని ఈ పురుగుల విసర్జన పడక చాలామందికి ఎగ్జిమా రేగుతుంది. అందుకే వానలు మొదలవగానే మెషిన్ అటకెక్కిస్తాను. దిండు గలీబులు, దుప్పట్లు మాత్రం ఏడాది పొడుగునా 60 డిగ్రీల వేడినీళ్లలోనే ఉతుకుతాను. ఆ వేడికి మైట్స్ చస్తాయి.

ఇక విసుగు సంగతి. నాది అల్ట్రాసోనిక్ రకం, అంటే కంపనాలతో నీళ్లను సన్నటి పొగమంచులా చేసి వదిలేది. బోరు నీళ్లలాంటి ఉప్పునీళ్లు పోస్తే వాటిలోని ఖనిజాలు తెల్లటి పొడిలా టేబుల్ మీద, ఫోన్ మీద పేరుకుంటాయి. ఖనిజాలు తీసేసిన డిస్టిల్డ్ వాటర్ పోస్తే ఆ గొడవ లేదు. ట్యాంకు అడుగున జిగురు, బూజు పట్టకుండా తరచూ కడుగుతూ ఉండాలి, లేకపోతే ఆ బూజే గాల్లోకి వస్తుంది. సువాసన నూనె వేసుకోమని ఒక చిన్న అర కూడా ఇచ్చారు. వాసనలు పడని చర్మానికి అది ఎందుకో! నేనైతే దాన్ని ముట్టుకోలేదు.

చెమట, ఉన్ని బట్టలు, ఘాటు సబ్బులు, టెన్షన్... వీటి ముందు ఈ మెషిన్ ఏమీ చెయ్యలేదు. స్నానం కాగానే ఒళ్లు తడిగా ఉండగానే రాసుకునే మాయిశ్చరైజర్, డాక్టర్ ఇచ్చిన ఆయింట్‌మెంట్ మానేసి దీన్నే నమ్ముకుంటే లాభం లేదు.

రేటింగ్ 5కి మూడున్నర. తగ్గించిన ఒకటిన్నరా ఆ ట్యాంకు కడుగుడుకే.