సంగీతకారుల వివరాలకు వికీపీడియా, డిస్కాగ్స్, మ్యూజిక్‌బ్రెయిన్జ్: ఏ గడిని ఎంత నమ్మాలి

వికీపీడియా విజ్ఞానసర్వస్వం, డిస్కాగ్స్ రికార్డుల వివరాల సైటు, మ్యూజిక్‌బ్రెయిన్జ్ సంగీతం వివరాల డేటాబేస్. మూడూ జనం రాసే సైట్లే, మూడూ ఉచితమే. డిస్కాగ్స్ 2000లో, వికీపీడియా 2001 జనవరిలో మొదలయ్యాయి. మ్యూజిక్‌బ్రెయిన్జ్ కూడా దాదాపు ఆ ఈడుదే. ఇన్నేళ్లు నడిచాయి కదా అని సంగీతకారుడి పేజీ మొత్తానికి అయిదింట ఇన్ని చుక్కలని వేస్తే ఆ మార్కులు ఎవరికీ పనికిరావు. ఒకే పేజీలో రికార్డు క్యాటలాగ్ నంబరు (కంపెనీ ఆ రికార్డుకు ఇచ్చిన అంకె) దాదాపు ఎప్పుడూ సరిగ్గా ఉంటుంది. దాని పైనున్న ‘శైలి’ గడి నిన్నొకటి, ఇవాళొకటి. అందుకని ఇక్కడ మార్కులు గడి గడికీ విడిగా.

వికీపీడియాలో అందరూ చూసేది కుడిపక్కన ఉండే ఇన్ఫోబాక్స్, అంటే ముఖ్య వివరాల పెట్టె. సందేహించాల్సిందీ దాన్నే. వ్యాసంలో ‘బహుశా’, ‘కొందరి ప్రకారం’ అని రాసుకోవచ్చు, ఇన్ఫోబాక్స్‌లో ఆ మాటలకు చోటు తక్కువ. బీథోవెన్ సంగతి చూడండి. 1770 డిసెంబరు 17న బాప్టిజం జరిగినట్టు మాత్రమే రికార్డు ఉంది. పుట్టింది డిసెంబరు 16 అన్నది దాన్నిబట్టి కట్టిన అంచనా. ఆ అంచనాను గడిలో పెట్టగానే తిరుగులేని తేదీలా కనిపిస్తుంది. అక్కణ్ణుంచి యాప్‌లు, క్విజ్‌లు, పుట్టినరోజు పోస్టులు ఎత్తుకుంటాయి.

ఇంకో రకం తప్పు మరీ మొండిది. జాజ్ సంగీతకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తాను 1900 జూలై 4న పుట్టానని జీవితమంతా చెప్పుకున్నారు. ఆయన పోయాక, 1980లలో, బాప్టిజం రిజిస్టరు బయటపడితే అసలు తేదీ 1901 ఆగస్టు 4 అని తేలింది. అంతకుముందు అచ్చయిన ఏ మంచి పుస్తకాన్ని ఆధారంగా చూపినా వికీపీడియా నియమం ప్రకారం ఆ ఫుట్‌నోట్‌కు వంక పెట్టలేం. వికీపీడియా అడిగేది నమ్మదగిన చోట అచ్చయిందా అని. నిజమో కాదో తేల్చే పని తనది కాదంటుంది. ఆ పద్ధతి తప్పని అనడం లేదు, ఎవరెవరో రాసే చోట అంతకంటే మెరుగైన నియమం దొరకదు. చదివేవాళ్లకు మాత్రం పక్కన చిన్న అంకె కనబడగానే విషయం తేలిపోయినట్టు అనిపిస్తుంది.

పుట్టినరోజు జనవరి 1 అని కనిపిస్తే అనుమానించండి. వికీపీడియాకు తోడుగా నడిచే డేటా సైటు వికీడేటాలో సంవత్సరం మాత్రమే తెలిసినప్పుడు సంవత్సరమే నమోదు చేస్తారు. ఆ డేటాను క్వెరీతో లాగితే అది ఆ ఏడాది జనవరి 1గా వస్తుంది. ఎంతవరకు కచ్చితమో చెప్పే విలువ పక్కనే ఉన్నా, చాలా ప్రోగ్రాములు దాన్ని చదవకుండా తేదీని మాత్రం తీసుకుంటాయి. రష్యన్ సంగీతకారులది వేరే చిక్కు. రాఖ్మానినోవ్ పాత క్యాలెండరు ప్రకారం 1873 మార్చి 20న పుట్టారు, కొత్త లెక్కలో అది ఏప్రిల్ 1. రెండు క్యాలెండర్ల తేడా పంతొమ్మిదో శతాబ్దంలో 12 రోజులు, ఇరవయ్యో శతాబ్దంలో 13. ఏది కలపాలో తెలియక 13 కలిపినవాళ్లకు ఏప్రిల్ 2 వస్తుంది.

అసలు ప్రమాదం తప్పు తిరిగొచ్చి ఆధారంగా కూర్చోవడం. 2009 మార్చి చివర్లో సినిమా సంగీత దర్శకుడు మోరీస్ జార్ చనిపోయినప్పుడు ఐర్లండ్‌లో ఒక విద్యార్థి, పత్రికలు ఏం చేస్తాయో చూద్దామని, ఆయన అన్నట్టుగా ఒక మాట కల్పించి వికీపీడియాలో పెట్టాడు. ఆధారం లేదని సంపాదకులు దాన్ని తీసేశారు. ఈలోపే పత్రికలు దాన్ని నివాళి వ్యాసాల్లో అచ్చేశాయి. అతనే బయటపెట్టాక గార్డియన్ సవరణ వేసుకుంది. అతను నోరు మెదపకపోయి ఉంటే? ఆ మాట మళ్లీ వికీపీడియాలో చేరేది, ఈసారి గార్డియన్ ఫుట్‌నోట్‌తో. ఈ కథలో వికీపీడియా తన పని తాను చేసింది, చెయ్యనిది పత్రికలు. ఏదేమైనా ఎవరైనా చనిపోయిన మొదటి రెండు మూడు రోజులు ఆ పేజీలో కొత్తగా చేరిన దేన్నీ వాడకపోవడం మంచిది.

శైలి గడికి సున్నా. ఒక బృందం హెవీ మెటలా, హార్డ్ రాకా అని ఏళ్ల తరబడి కొట్టుకునే అభిమానులున్నారు. ఆధారం చూపకుండా మార్చడం, వెంటనే ఎవరో వెనక్కి తిప్పడం, మళ్లీ మార్చడం. ఆల్‌మ్యూజిక్ అనే సంగీత సైటులో విమర్శకుడు రాసిన సమీక్షను వికీపీడియా ఒప్పుకుంటుంది, ఆ పేజీ పక్కన ఉండే శైలుల జాబితాను ఒప్పుకోదు. సంపాదకుల్లోనే చాలామంది ఆ తేడా పట్టించుకోరు. వాయిద్యాల గడిదీ ఇదే బాపతు. ప్రధానంగా పేరు తెచ్చినవే రాయాలని నియమం, ఒక్క పాటలో టాంబురిన్ ఊపినా చేర్చేస్తారు.

పాటల సంఖ్యను ఎవరు ఎంత గట్టిగా చెప్పినా లెక్క అడగండి. లతా మంగేష్కర్ 25,000 పాటలు పాడారని 1974లో గిన్నిస్ పుస్తకం వేసింది. మహమ్మద్ రఫీ దాన్ని ఒప్పుకోలేదు. తరవాతి కాలంలో గిన్నిస్ ఆ పద్దును తీసేసింది. 2011లో ఆశా భోంస్లే పేరుతో వచ్చిన రికార్డులో సంఖ్య 11,000. ఒకే సినీరంగం, ఒకే పుస్తకం, అయినా రెండు సంఖ్యలు ఒకదానితో ఒకటి పొసగవు. వేలల్లో గుండ్రంగా ఉండే అంకె ఎక్కడ కనబడ్డా, దాని వెనక పాటల పట్టిక ఉందా లేదా అన్నదే ప్రశ్న.

ఇక డిస్కాగ్స్. దీని బలం ఒక్క నియమంలో ఉంది: రికార్డు చేతిలో ఉంటేనే నమోదు చెయ్యాలి, అట్ట మీద ఎలా ఉంటే అలాగే రాయాలి. అందుకే లేబుల్, క్యాటలాగ్ నంబరు, బార్‌కోడ్, లోపలి అంచున గీసిన మ్యాట్రిక్స్ నంబరు (ఆ ముద్రణను గుర్తుపట్టే అంకె), వాద్యకారుల పేర్లు, వీటిలో దీన్ని మించింది లేదు. అట్ట మీద పేరు వేరే రకంగా ఉంటే దాన్ని ‘పేరు రూపాంతరం’గా ఉంచి అసలు కళాకారుడి పేజీకి కలుపుతారు. ఒకే పేరుతో చాలామంది ఉంటే పేరు పక్కన బ్రాకెట్లో 2, 3 అని అంకెలు వేస్తారు.

బలహీనతా ఆ నియమంలోనే ఉంది. అట్టే అబద్ధమాడితే డిస్కాగ్స్ ఆ అబద్ధాన్ని నమ్మకంగా రాసిపెడుతుంది. ఇటలీ స్వరకర్త అల్బినోని పేరుతో ప్రసిద్ధమైన ‘అడాజియో’ అనే రచన నిజానికి ఇరవయ్యో శతాబ్దపు సంగీత పరిశోధకుడు రెమో జజొట్టో 1958లో ప్రచురించినది. ఇప్పటికీ ఎన్నో అట్టల మీద అల్బినోని పేరే. సంవత్సరం విషయంలోనూ జాగ్రత్త పడాలి. వృత్తంలో పీ గుర్తు పక్కనున్నది ధ్వనిముద్రణ హక్కు సంవత్సరం, ఆ ముద్రణ మార్కెట్లోకి వచ్చిన ఏడాది అదే కానక్కర్లేదు. సంవత్సరం గడి ఖాళీగా ఉంటే తిట్టుకోకండి, నమోదు చేసినవాళ్లు తెలియనిది రాయలేదని అర్థం. పైగా ఇదొక అమ్మకాల చోటు కూడా. తన ప్రతికి సరిపోయేలా ఉన్న నమోదును మార్చేసే అమ్మకందారులున్నారు, దాంతో ఒక ముద్రణ వివరాలు ఇంకో ముద్రణ మీద పడతాయి. ఫొటోలోని మ్యాట్రిక్స్ నంబరును రాసినదానితో పోల్చి చూస్తే ఇది బయటపడుతుంది. కళాకారుడి జీవిత పరిచయం పేరాను మాత్రం వదిలెయ్యండి, దానికి ఆధారం ఉండడమే అరుదు.

మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో పాట, దాని రికార్డింగు, అది వచ్చిన ఆల్బమ్ వేరువేరు పద్దులు. స్వరకర్తను పాటకు, డ్రమ్స్ వాయించినవాణ్ణి రికార్డింగుకు తగిలిస్తారు. అడాజియో లాంటి చిక్కులకు ఈ అమరికే సరైనది: అట్ట మీది పేరు అట్ట దగ్గరే ఉంటుంది, కర్త పేరు పాట దగ్గర. ప్రతి కళాకారుడికీ 36 అక్షరాల గుర్తింపు కోడ్ ఉంటుంది, రెండు పద్దులు కలిపేసినా పాత కోడ్ కొత్తదానికి దారి చూపిస్తుంది. పెద్ద మార్పులు ఏడు రోజులు ఓటుకు ఉంటాయని గొప్పగా చెబుతారు గానీ, ఎవరూ ఓటు వెయ్యకపోతే గడువు తీరగానే మార్పు అమలైపోతుంది. పేరున్న బృందాలకు ఈ కాపలా పనిచేస్తుంది, ఎవరికీ పట్టని కళాకారులకు పనిచెయ్యదు. ఒక్కో రికార్డింగుకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అంకె ఐఎస్ఆర్‌సీ కోడ్‌ని చూసి రికార్డింగు సంవత్సరం చెప్పేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 12 అక్షరాల ఆ కోడ్‌లో ఆరు, ఏడు స్థానాల్లోని అంకెలు కోడ్ కేటాయించిన ఏడాదివి. ఆ ప్రమాణమే 1986లో వచ్చింది, అంతకుముందు రికార్డయిన ప్రతిదానికీ కోడ్ తరవాతే తగిలింది.

పేరు ఒకటై మనుషులు ఇద్దరైతే అన్ని సైట్లూ తడబడతాయి. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ దగ్గర 1950ల చివర్లో పియానో వాయించిన బిల్ ఎవాన్స్ వేరు, 1980ల మొదట్లో శాక్సఫోన్ వాయించిన బిల్ ఎవాన్స్ వేరు. బృందనాయకుడు కూడా ఒకరే కావడంతో యంత్రాలకే కాదు, మనుషులకూ పొరపాటు తేలిక. వాయిద్యం, ఏడాది రెండూ సరిచూడకుండా ఏ జాబితానూ అతికించకండి. వినే పాటలను నమోదు చేసే సైటు లాస్ట్.ఎఫ్ఎమ్‌లో అయితే ఒకే పేరున్నవాళ్లంతా ఒకే పేజీలో ఉంటారు, అక్కడి పరిచయాన్ని దేనికీ వాడొద్దు.

ఏదైనా ఒక్క విషయం గట్టిగా తేల్చుకోవాలంటే పని ఇలా నడుస్తుంది. ఫుట్‌నోట్ తెరిచి, ఆ వాక్యం నిజంగా అందులో ఉందో లేదో చూడాలి. చాలా సందర్భాల్లో అక్కడ మనిషి పేరు ఉంటుంది గానీ తేదీ ఉండదు. లింకు చచ్చిపోతే పాత వెబ్ పేజీలను దాచే వేబ్యాక్ మెషీన్‌లో వెతకండి. ఆ వాక్యం అందులో ఉంటే, ఆ ఆధారం ఎప్పుడు అచ్చయిందో రాసుకోండి. తరవాత పేజీ ‘చరిత్ర’ ట్యాబ్‌లోకి వెళ్లి, వికీబ్లేమ్ అనే వెతుకులాట పనిముట్టుతో ఆ మాట వ్యాసంలోకి మొదట ఎప్పుడు వచ్చిందో పట్టుకోవాలి. వికీపీడియాలోకి ముందొచ్చి, పత్రికలో తరవాత అచ్చయి ఉంటే ఆ పత్రిక సాక్ష్యం చెల్లదు. అప్పుడు 2001కి ముందు అచ్చయిన పేపరు, పుస్తకం, లేదా చర్చి రిజిస్టరు లాంటి మూలపత్రం కావాలి.

మూడు సైట్లూ ఒకే తేదీ చెబుతున్నాయని ముగ్గురు సాక్షులు దొరికినట్టు కాదు. మ్యూజిక్‌బ్రెయిన్జ్ కళాకారుల పేజీలో కనిపించే పరిచయం వికీపీడియా నుంచి తెచ్చినదే. వికీడేటాలో తేదీ కింద ఆధారం తెరిస్తే ‘వికీమీడియా ప్రాజెక్టు నుంచి దిగుమతి’ అని మాత్రమే ఉంటే దాన్ని ఆధారం లేనట్టే లెక్కించాలి. తెలుగు వికీపీడియా వ్యాసం ఇంగ్లీషు దాని అనువాదమైతే ఇంకో ఇబ్బంది. అక్కడ తప్పు దిద్దినా ఇక్కడ పాత రూపమే మిగిలిపోతుంది. అనువాదం చేసిన తేదీ చరిత్రలో ఉంటుంది, ఆ తరవాత ఇంగ్లీషులో ఏం మారిందో పోల్చి చూడండి.

తప్పు దొరికితే దిద్దడానికి మీకు తెలుసన్న మాట చాలదు, కుటుంబసభ్యులు చెప్పినా చాలదు. వికీపీడియాలో అచ్చు ఆధారంతో చర్చ పేజీలో రాయాలి. డబ్బు తీసుకుని రాస్తుంటే ఆ సంగతి చెప్పి తీరాలని 2014 నుంచి నియమం. డిస్కాగ్స్‌లో లేబుల్ ఫొటో పెట్టాలి. మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో మార్పు వివరణలో మూలం రాయాలి, లేదంటే ఓటర్లు తోసేసే వీలుంది.

వ్యాసంలోనో పుస్తకంలోనో ఉదహరిస్తే పేజీ లింకు ఇచ్చి ఊరుకోకండి. వికీపీడియా పరికరాల పట్టీలోని ‘శాశ్వత లింకు’ తీసుకుంటే మీరు చదివిన రూపమే పాఠకుడికీ తెరుచుకుంటుంది. డిస్కాగ్స్‌కైతే రిలీజ్ నంబరు, మ్యూజిక్‌బ్రెయిన్జ్‌కైతే ఆ 36 అక్షరాల కోడ్, రెంటికీ మీరు చూసిన తేదీ జోడించండి.