యువ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకు మార్కులు వేసే సేవ: ఒక సీజన్ చందా తరువాత

అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 23 ఏళ్లలోపు ఆటగాళ్లలో ఎవరు ఎంతవరకు ఎదగగలరో అంచనా కట్టి, ఒక్కొక్కరికి వందకు ఇన్ని అని మార్కులు వేసి, వారం వారం నివేదికలు పంపే ఒక ఆన్‌లైన్ సేవకు సీజన్ మొత్తం చందా కట్టాను. పేరు చెప్పదలచుకోలేదు.

మెచ్చుకోవలసింది వీడియో విభాగాన్ని. పిక్ అండ్ రోల్‌లో (తోటి ఆటగాడు డిఫెండర్‌కు అడ్డు నిలిచి, వెంటనే బుట్ట వైపు కదిలే ఎత్తుగడలో) రెండో డిఫెండర్ మీదికి వచ్చినప్పుడు ఒక గార్డ్ (ఆటను నడిపించే ఆటగాడు) బంతిని ఎంత త్వరగా, ఎవరికి అందిస్తున్నాడో నవంబరు, మార్చి క్లిప్పులను పక్కపక్కనే పెట్టి చూపించారు. సగటు పాయింట్లలో ఏ మార్పూ కనిపించని కుర్రాడు నిజానికి ఎంత మారాడో అక్కడ తెలిసిపోతుంది. షూటింగ్‌ను తూచే పద్ధతి కూడా సబబుగానే ఉంది. కాలేజీలో వేసిన కొద్దిపాటి త్రీ పాయింటర్ల (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్ల) శాతాన్నే నమ్ముకోకుండా, ఎవరూ అడ్డురాకుండా ఒకే దూరం నుంచి వేసే ఫ్రీ త్రోల శాతాన్ని దానికి జోడించి చూస్తారు.

చిక్కంతా ఆ మార్కుతోనే. ఒకే గణాంకాలున్నా పందొమ్మిదేళ్లవాడికీ ఇరవై రెండేళ్లవాడికీ ముందున్న దారి ఒకటి కాదు. ఓడిపోతున్న జట్టులో ఎప్పుడూ బంతి చేతిలో ఉండేవాడి 18 పాయింట్లనూ, గెలిచే జట్టులో మూలన నిలబడి పాస్ కోసం కాచుకునేవాడి 8 పాయింట్లనూ ఒకే త్రాసులో తూచలేము. ఈ సంగతులు నివేదిక లోపల ఉంటాయి గాని పైనున్న అంకెలో ఆనవాలు కూడా మిగలవు. 2013 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) మొదటివాడిగా ఎంపికైన ఆంథనీ బెనెట్ నాలుగు సీజన్లకే లీగ్‌కు దూరమయ్యాడు. అదే డ్రాఫ్ట్‌లో 15వ స్థానంలో, గ్రీసు రెండో శ్రేణి లీగ్ నుంచి వచ్చిన యానిస్ అంటెటోకుంపో తొలి ఏడాది సగటు 6.8 పాయింట్లే, 2019, 2020లలో ఎంవీపీ (సీజన్ అత్యుత్తమ ఆటగాడు) అతడే. అలాంటి కుర్రాడి విషయంలో ఒక్క అంకె చెప్పడం కంటే, ఎంత కిందికి జారవచ్చో, ఎంత పైకి పోవచ్చో రెండు హద్దులూ చెప్పడమే నిజాయతీ.

ఎగిరే సత్తాకూ వేగానికీ వీరిచ్చే విలువ మరీ ఎక్కువ. తరువాత ఎంవీపీ అయిన నికోలా యోకిచ్ కూడా ఈ త్రాసులో తేలిపోయేవాడే. 2014లో అతడిని 41వ స్థానంలో ఎంపిక చేసినప్పుడు టీవీలో ప్రకటన నడుస్తోంది కాబట్టి, ఆనాడు పొరబడినది వీరొక్కరే కాదనుకోండి. పాస్ వెళ్లవలసిన చోటును ముందే చూడగలగడం ఏ కొలతబద్దకూ సులువుగా అందదు.

నాకు కష్టం కలిగించినది మాత్రం వేరు. డిసెంబరులో ఒక వింగ్ ఆటగాడికి (కోర్టు పక్కల ఆడేవాడికి) 61 వేసినట్టు రాసిపెట్టుకున్నాను. ఏప్రిల్‌లో తిరిగి తెరిస్తే అదే డిసెంబరు నివేదికలో 74 ఉంది. దిద్దినట్టు ఎక్కడా గుర్తు లేదు. అడిగితే, లెక్కించే పద్ధతిని మెరుగుపరచి పాత నివేదికలకూ వర్తింపజేశామని జవాబు వచ్చింది. అంచనా వేసేవారు తప్పవచ్చు. తప్పిన అంకెను చెరిపేస్తే వారిని ఏ ఆధారంతో నమ్మాలి?

ప్రస్తుతానికి వీడియోలు మాత్రమే ఇచ్చే చందాకు మారాను.