మంద్రంలో క్లారినెట్: గుంటూరులో విన్న ముగ్గురి కచేరీ

ముప్పై రెండేళ్ళుగా పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయిస్తున్నాను. గుంటూరు, తెనాలి, పొన్నూరు, నరసరావుపేట, అటు చీరాల దాకా నేను నడవని ఊరేగింపు దారి తక్కువ. మొన్న సంక్రాంతికి ముందు ఆదివారం, కుర్చీలో కూర్చుని వేరేవాళ్ళు వాయించిన క్లారినెట్‌ను గంటన్నర సేపు విన్నాను. ఇన్నేళ్ళలో అలా వినడం ఇదే మొదటిసారి.

ధనుర్మాసం కాబట్టి ముహూర్తాలు లేవు, ఇంట్లోనే ఉన్నాను. మా వీధిలో చర్చి కీబోర్డు వాయించే కుర్రాడు వచ్చి, "మాస్టారూ, చెన్నై నుంచి ముగ్గురొస్తున్నారు. క్లారినెట్, సెల్లో (పెద్ద వయొలిన్ లాంటిది), పియానో. మీరు రావాలి" అన్నాడు. డ్రమ్ము లేకుండా క్లారినెట్ ఏంట్రా అని అడిగాను. "అందుకే రమ్మంటున్నానండీ" అన్నాడు.

కొత్తపేట వైపు ఒక చర్చి వెనక ఉన్న చిన్న హాలు. రెండు వందల కుర్చీలు వేస్తే నూట ఇరవై దాకా నిండాయి. టికెట్టు లేదు, గుమ్మం దగ్గర డబ్బాలో తోచినంత వేయమన్నారు. హేయర్ దొర లూథరన్ మిషన్ పని మీద గుంటూరు వచ్చింది 1842లో. అంత పాత చర్చిలున్న ఊరు కాబట్టి పియానో చప్పుడు ఇక్కడివాళ్ళకు కొత్త కాదు. కానీ పాట లేకుండా, మైకు లేకుండా, మూడు వాద్యాలే కచేరీ చేయడం మాత్రం నేను ఇక్కడ ఎప్పుడూ చూడలేదు.

ఆరున్నరకని చెప్పి ఏడింటికి మొదలుపెట్టారు. ఆ అరగంటా శాలువాలు, ఉపన్యాసాలు. కళాకారులు వాద్యాలు సిద్ధం చేసుకుని పక్కన నిలబడే ఉన్నారు. చల్లబడితే క్లారినెట్ శ్రుతి కిందికి దిగుతుంది, వేడెక్కితే పైకి పోతుంది. వాయించేవాళ్ళకు ఆ అరగంట ఎంత టెన్షనో నాకు తెలుసు. పైగా సీలింగు ఫ్యాన్లు మూడూ తిరుగుతున్నాయి. నోట్సు కాగితాలు ఎగిరిపోకుండా బట్టల క్లిప్పులు పెట్టుకున్నారు పాపం.

పియానో ఆ చర్చిదే, గోడకు ఆనించి పెట్టే రకం. శ్రుతి ఒక పిసరు కిందికి ఉంది. పియానోను అప్పటికప్పుడు సవరించలేరు, మిగతా ఇద్దరే దానికి సర్దుకోవాలి. క్లారినెట్ వాయించే అమ్మాయి ఒక్క స్వరం ఊది విని, మౌత్ పీస్ కింద ఉండే బ్యారెల్‌ను కొంచెం బయటికి లాగింది. గొట్టం పొడవు పెరిగింది, శ్రుతి దిగింది. మళ్ళీ ఊదితే కలిసింది. రెండు సెకన్ల పని అది. ఆ రెండు సెకన్లలోనే ఈ పిల్ల చెవి ఎలాంటిదో అర్థమైంది.

మొదట జర్మన్ స్వరకర్త బీతోవెన్ ట్రయో, అంటే మూడు వాద్యాల రచన. ఓపస్ 11, అంటే ఆయన రచనల్లో ఆ నంబరుది. పియానో ఆయన ఇంగ్లీషులో చెబుతుంటే చర్చి పాటల టీచరుగారు తెలుగులో చెప్పారు. 1797లో వియన్నాలో వైగెల్ అనే ఆయన ఆపెరా ఒకటి ఆడిందట. అందులోని ఒక పాట వీధి వీధినా జనం నోట్లో ఆడుతుంటే, బీతోవెన్ దాన్ని తీసుకుని ఈ ట్రయో చివరి భాగంలో పెట్టాడు. అందుకే దీనికి 'గాసెన్‌హవర్' అని పేరు. గాసె అంటే జర్మన్‌లో సందు. సందుల్లో జనం పాడుకునే పాట అన్నమాట.

ఆ మాట వినగానే నిటారుగా కూర్చున్నాను. మేం చేసే పని అదే కదా. సినిమా విడుదలైన వారానికల్లా ఆ పాట మా చేతుల్లో ఉండాలి. ఊరేగింపులో కుర్రాళ్ళు అడుగుతారు. మొదటిసారి ఉన్నదున్నట్టు వాయిస్తాం, రెండోసారి ఒక సంగతి వేస్తాం, మూడోసారి ఇంకొకటి. బీతోవెన్ తొమ్మిది సంగతులు వేశాడు. మొదటిది పియానో ఒక్కటే. రెండోదానికి పియానో పూర్తిగా ఆగిపోయింది. సెల్లో, క్లారినెట్ ఇద్దరే మాట్లాడుకున్నారు. కమాను లాగేవాడికి దమ్ము అక్కర్లేదు, ఎంతసేపైనా లాగొచ్చు. ఊదేవాళ్ళకు ఎక్కడో ఒకచోట గాలి పట్టక తప్పదు. ఆ అమ్మాయి గాలి పట్టిన ప్రతి చోటా సెల్లో ఆయన కూడా కమాను ఒక క్షణం తేలిక చేశాడు. ఇద్దరికీ కలిపి ఒకటే ఊపిరి అన్నట్టుంది. నోట్సులో అది రాసి ఉండదు. ఎన్నో రోజులు పక్కపక్కన కూర్చుని వాయిస్తేనే వస్తుంది.

ఇక బ్రామ్స్ అనే ఇంకో జర్మన్ స్వరకర్త ట్రయో. ఆ సాయంత్రమంతా నాకు అదే.

1891లో రాశాడట, ఓపస్ 114. అప్పటికి ఇక కొత్తవి రాయడం మానేద్దాం అనుకుంటున్న మనిషి. మైనింగెన్ అనే చోట ఆర్కెస్ట్రాలో రిచర్డ్ మూల్‌ఫెల్డ్ అనే ఆయన క్లారినెట్ విని, మళ్ళీ కలం పట్టుకున్నాడు. ఆ మూల్‌ఫెల్డ్ ఆ ఆర్కెస్ట్రాలో చేరింది వయొలిన్ వాయించడానికి. క్లారినెట్ తనంతట తానే నేర్చుకున్నాడని టీచరుగారు చెప్పగానే నేను చప్పట్లు కొట్టాను. నాతో ఇంకెవరూ కొట్టలేదు, ఫర్వాలేదు.

ఈ బ్రామ్స్‌కి వాద్యం మార్చాలి. బీతోవెన్‌కి బి ఫ్లాట్ క్లారినెట్, దీనికి 'ఎ' (A) క్లారినెట్. అది కాస్త పొడుగు, శ్రుతి అర స్వరం కింద. అప్పటిదాకా స్టాండు మీద చల్లగా ఉన్న వాద్యం. పియానో ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఆ అమ్మాయి చప్పుడు రాకుండా దాన్లోకి వెచ్చటి గాలి ఊదుతూనే ఉంది. వింటున్నవాళ్ళలో ఎంతమంది గమనించారో గానీ, నేను మాత్రం అదే చూస్తున్నాను.

సెల్లో ఒంటరిగా మొదలుపెట్టింది. తర్వాత క్లారినెట్ వచ్చింది. కాసేపటికి అడుగుకు దిగింది. మా క్లారినెట్‌లో ఈ మంద్రం ఒక వేరే లోకం. ఫ్లూటు గట్టిగా ఊదితే ఎనిమిదో స్వరానికి ఎగురుతుంది, క్లారినెట్ మీట నొక్కితే పన్నెండోదానికి ఎగురుతుంది. అందుకే దాని కింది గొంతు, పై గొంతు ఇద్దరు మనుషుల్లా ఉంటాయి. మాకు రోడ్డు మీద పై గొంతుతోనే పని. సైడు డ్రమ్ము, పెద్ద డ్రమ్ము, ట్రంపెట్లు, జనరేటరు, బాణసంచా. కింది స్వరం ఊదితే పక్కనున్నవాడికే వినపడదు. ముప్పై రెండేళ్ళలో నా క్లారినెట్ కింది సగాన్ని నేను శ్రుతి చూసుకోవడానికి తప్ప వాడలేదు. మా గురువుగారు తిరుచ్చి ఏ.కె.సి. నటరాజన్ గారి రికార్డింగులు వినిపించేవారు, క్లారినెట్ మీద గమకం ఎలా పలకాలో అలా విన్నాను. ఇంత మెల్లగా, ఇంత కింద, చెక్క లోపలి నుంచి వచ్చినట్టు పలకడం మాత్రం ఇక్కడే విన్నాను.

మొదటి భాగం మధ్యలో ఒక చోట సెల్లో, క్లారినెట్ కలిసి ఒకదాని వెంట ఒకటి స్వరాలు పరిగెత్తించాయి, పైకీ కిందికీ, అదీ గుసగుసలాగా. వేగంగా వాయించడం మాకూ వచ్చు. వేగంగా, మెల్లగా రెండూ ఒకేసారి చేయడానికి పెదవుల పట్టు ఎంత ఉండాలో వాయించేవాళ్ళకే తెలుస్తుంది. ఆ భాగం ముగిసినప్పుడు స్వరం ఎప్పుడు ఆగిందో, ఫ్యాను చప్పుడు ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఆ ఫ్యాను లేకపోతే ఇంకెంత బాగుండేదో!

రెండో భాగం నెమ్మది. క్లారినెట్టే మొదలుపెట్టింది. నా పక్కన ఒక పెద్దావిడ కళ్ళు మూసుకుని కూర్చుంది, నిద్రపోయిందనుకున్నాను. అయిపోగానే కళ్ళు తుడుచుకుంది. మూడో భాగం నాకంతగా పట్టలేదు. అందంగానే ఉంది గానీ, ముందు విన్నదాని తర్వాత తేలికగా అనిపించింది. నాలుగో భాగంలో పియానో ఆయన చెయ్యి బరువైంది. రెండు మూడు చోట్ల సెల్లో గొంతు మునిగిపోయింది. అంత చిన్న హాల్లో ఆ మాత్రం తగ్గించి వాయించవచ్చు.

కచేరీ అయ్యాక వెళ్ళి ఆ అమ్మాయిని పలకరించాను. "బ్యాండులో వాయిస్తానమ్మా, నా క్లారినెట్ మీరట్‌లో చేసింది" అన్నాను. వచ్చీరాని తెలుగులో, "సార్, నడుస్తూ ఎంతసేపు వాయిస్తారు?" అని అడిగింది. మూడు గంటలన్నాను. "ఎండలో రీడు ఎండిపోదా?" అంది. రీడంటే మౌత్ పీస్‌కు బిగించే పలుచటి రెల్లు ముక్క. ఎండుతుంది, నాలుగు రీడులు జేబులో పెట్టుకుని మార్చుకుంటాం, బరువైతే బ్లేడుతో గీసుకుంటాం అని చెప్పాను. తన పెట్టె తెరిచి రీడులు చూపించింది. తను సన్న గరుకు కాగితంతో రుద్దుకుంటుందట. ఒకటి నా చేతిలో పెట్టి, "ఇది కింది స్వరాలకు బాగుంటుంది, ఉంచుకోండి సార్" అంది. ఆ రీడు ఇప్పుడు నా క్లారినెట్‌కే ఉంది. రోజూ పొద్దున తలుపేసుకుని అడుగు స్వరాలు ఒక్కొక్కటే, ఎంత మెల్లగా పలుకుతాయో చూస్తున్నాను. 'ప' దగ్గర ఇంకా వణుకుతోంది.

నిర్వాహకులకు ఒక మనవి. ఇలాంటి కచేరీ మళ్ళీ పెట్టండి, ధనుర్మాసంలోనే పెట్టండి, మా సెట్టులో పదిమందినీ తీసుకొస్తాను. పియానోను ఆ రోజు పొద్దున శ్రుతి చేయించండి. శాలువాలు చివర్లో కప్పండి. వాయిస్తున్నంతసేపూ ఫ్యాన్లు ఆపండి, జనవరిలో మాకేం ఉక్కపోయదు.